ఎర్ర ఇంకుతో ఇంగ్లీషు పెరుగుతుందా?

నిద్రలేనివాడు:
ఎమ్మే ఇంగ్లీషు రెండో ఏడాది చదువుతున్నాను. నాది సీ1 స్థాయి అని పరీక్షలో తేలి రెండేళ్లయింది. భాష ఎంత వచ్చో కొలిచే కౌన్సిల్ ఆఫ్ యూరప్ వాళ్ల ఆరు మెట్లలో అది ఐదోది, పైన ఇంక సీ2 ఒక్కటే ఉంది. ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. మాట్లాడటానికి ఇబ్బంది లేదు, వ్యాసం రాయాలంటేనే టెన్షన్. మాకు ఇద్దరు మేడమ్‌లు. ఒకరు పేజీ అంతా ఎర్ర ఇంకుతో నింపి ఇస్తారు. ఇంకొకరు వ్యాకరణం జోలికే రారు, 'వాదన నిలబడలేదు' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఈ స్థాయిలో తప్పులు దిద్దడం వల్ల నిజంగా లాభం ఉందా?

పుస్తకాలపురుగు:
దిద్దుడు దండగ. చదవండి. నవలలూ పత్రికలూ ఎవరి సాయం లేకుండా అర్థం కావాలంటే 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు (ఒక మాట, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) తెలిసి ఉండాలని పదసంపద మీద పరిశోధించే పాల్ నేషన్ 2006లో లెక్క తేల్చారు. ఎన్ని సీసాల ఇంకు ఒలకబోస్తే అన్ని మాటలు వస్తాయి? రాత తరగతుల్లో వ్యాకరణం దిద్దడం పూర్తిగా మానేయమని పరిశోధకుడు జాన్ ట్రస్కాట్ 1996లోనే వాదించారు. దానివల్ల ఉపయోగం లేకపోగా నష్టం ఉందన్నారు. ఎక్కడ గీత పడుతుందోనన్న భయంతో కుర్రాళ్లు చిన్న చిన్న వాక్యాల చాటున దాక్కుంటారు.

ఎర్రసిరా:
మూడేళ్ల తర్వాత, 1999లో, ఆయనకు మరో పరిశోధకురాలు డేనా ఫెరిస్ ఇచ్చిన జవాబు కూడా చెప్పాల్సింది. అంత తొందరగా తీర్పు చెప్పేయొద్దు, ఏరి, స్పష్టంగా దిద్దితే కొందరికైనా మేలు జరుగుతుంది అన్నారావిడ. ఇక చదివితే చాలంటారా? కెనడాలో ఇంగ్లీషు ఇళ్ల పిల్లలు ఏళ్ల తరబడి ఫ్రెంచ్‌లోనే పాఠాలు విన్నారు. విన్నదీ చదివినదీ చక్కగా అర్థమయ్యేది. నోరు తెరిస్తే, కలం పడితే మాత్రం వ్యాకరణం తడబడేది. భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో ఎత్తిచూపింది అదే: లోపలికి వెళ్లింది సరిపోదు, బయటికి తీసే పని కూడా పడాలి.

పుస్తకాలపురుగు:
వాళ్లు బడిపిల్లలండీ. ఇక్కడ అడుగుతున్నది ఎమ్మే కుర్రాడు.

ఎర్రసిరా:
సరే, పెద్దవాళ్ల సంగతే చెబుతాను. ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్లుగా దిద్దుతున్నాను, చాలాకాలం పేజీ నింపే రకాన్నే. మార్కు చూసుకుని కాగితం మడిచి పెట్టేసేవాళ్లు. రాత్రి పన్నెండు దాకా కూర్చుని గీసిన గీతలు ఒక్కరూ చదివేవారు కాదు. ఇప్పుడు ఒక వ్యాసంలో ఒకే జాతి తప్పు పట్టుకుంటాను. ఎక్కువసార్లు అది 'ఎ', 'ది'ల గొడవే. తెలుగులో వాటికి పనే లేదు. 'పుస్తకం ఇవ్వు' అంటే ఏ పుస్తకమో సందర్భమే చెబుతుంది. అందుకే ఎంత చదివినా మన కన్ను వాటి మీద నిలవదు. బిచనర్, నాక్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో పైస్థాయి విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద సరిగ్గా ఈ రెండు మాటలతోనే పరీక్ష పెట్టారు. దిద్దుబాటు అందినవాళ్లు అందనివాళ్లకంటే మెరుగయ్యారు. నేను తప్పు కింద గీత గీసి వదిలేస్తాను, సరైన మాట రాయను. వాళ్లే వెతుక్కుని, అదే వ్యాసం మళ్లీ రాసి తెస్తేనే మార్కు.

తోకచుక్క:
మా గైడు నేను పెట్టిన 'ది' తీసేస్తారు, తీసేస్తే పెడతారు. మూడు విడతలయ్యాక చూస్తే నేను మొదట రాసిన వాక్యమే తిరిగొచ్చింది.

నాలుగోడ్రాఫ్టు:
అందరూ 'ది' దగ్గరే ఆగిపోయారు. సీ1 దాటనివ్వనిది మాటల పొత్తు, అంటే ఏ మాట పక్కన ఏ మాట కుదురుతుందన్నది. చదువుల రాతల్లో తరచూ వచ్చే మాటలని కాక్స్‌హెడ్ 2000లో ఇచ్చిన 570 పదకుటుంబాల జాబితా బట్టీ పట్టినవాళ్లను చూశాను. 'ఎవిడెన్స్' తెలుసు, కానీ దానికి బహువచనం వాడరని తెలియక 'ఎవిడెన్సెస్' అని రాస్తారు. దాని పక్కన ఏ క్రియ కుదురుతుందో తెలియదు. ఇంకోటి, పది మందిని అడిగిన సర్వే చేతిలో పెట్టుకుని 'దిస్ ప్రూవ్స్' అంటారు. అక్కడ ఉండాల్సింది 'సజెస్ట్స్'. అది వ్యాకరణమా, వాదనా? రెండో మేడమ్ చెబుతున్నది ఇదేనేమో. కాకపోతే ఒక్క ముక్కలో చెబితే ఎవరికి తెలుస్తుంది?

నిద్రలేనివాడు:
పాత వ్యాసాలు మూడు బయటికి తీసి లెక్కపెట్టాను. 41 ఎర్ర గీతల్లో 26 'ఎ', 'ది'లవే. ఇన్నాళ్లూ నేను చూసుకోనేలేదు. 'ప్రూవ్స్' కూడా నాలుగు చోట్ల దొరికింది. కానీ 'వాదన నిలబడలేదు' అన్న ఆ పేరా మాత్రం ఇప్పటికీ నాకు బాగానే కనిపిస్తోంది. ఇక్కడ పెడితే చూస్తారా?

ఎర్రసిరా:
పెట్టండి. 'ది'ల జోలికి రాను.