జూన్‌లో ఇంగ్లండ్ తోటలు: వారంలో ఏవి చూడొచ్చు?

మిద్దెతోట_గుంటూరు:
అందరికీ నమస్కారం. జూన్ మూడో వారంలో రెడింగ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. కోటలూ మ్యూజియంలూ నాకు పెద్దగా పట్టవు, తోటలు చూడాలి, అంతే. మా అల్లుడు ఒక లిస్టు పంపాడు: క్యూ, విజ్లీ, సిస్సింగ్‌హర్స్ట్, గ్రేట్ డిక్స్‌టర్, హిడ్‌కోట్, స్టౌర్‌హెడ్, అన్నీ ఒక్క వారంలోనే! చదివితేనే నీరసం వచ్చింది. మోకాళ్ల నొప్పులున్నాయి, నిదానంగా అయితే నడుస్తాను. గులాబీలంటే పిచ్చి. ఏవి ఉంచుకోను, ఏవి తీసేయను? విత్తనాలు, కొమ్మలు తెచ్చుకోనిస్తారా?

కెంట్_వాసి:
అమ్మా, గులాబీల కోసమైతే సరైన టైమ్‌కే వస్తున్నారు. ఇక్కడి పాతకాలపు రకాలు చాలావరకు ఏడాదికి ఒక్కసారే, జూన్‌లో విరగబూస్తాయి, జులై వస్తే అయిపోయినట్టే. మా కెంట్‌లోని సిస్సింగ్‌హర్స్ట్ వదలకండి. 1930లో వీటా సాక్‌విల్-వెస్ట్, హెరాల్డ్ నికల్సన్ దంపతులు శిథిలంగా ఉన్న ఆ చోటు కొని తోట వేశారు. అందరూ తెల్లపూల తోట దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు గానీ, మీరు గులాబీల తోటలో వంగి మొదళ్ల దగ్గర చూడండి. హేజల్ అనే చెట్టు పుల్లల్ని విల్లులా వంచి రెండు కొసలూ నేలలో గుచ్చి, పొడుగాటి గులాబీ కొమ్మల్ని వాటి మీదికి లాగి కట్టేస్తారు. నిటారుగా వదిలేస్తే కొమ్మ చివరే పూస్తుంది, అడ్డంగా వంచితే ప్రతి కణుపు దగ్గరా చిగురేసి మొగ్గ తొడుగుతుంది. మీ మిద్దె మీద పెద్ద కుండీలో కూడా చేసుకోవచ్చు ఇది. లండన్ నుంచి స్టేపుల్‌హర్స్ట్ దాకా ట్రైన్, అక్కడి నుంచి టాక్సీ. మీకైతే కారే నయం.

బర్మింగ్‌హామ్_బావ:
రెడింగ్‌లో ఉంటూ కెంట్ అంటే లండన్ దాటి అటు వైపు వెళ్లాలి కదండీ, రోజంతా దానికే పోతుంది. నేనైతే ముందు హిడ్‌కోట్ అంటాను. రెడింగ్ నుంచి మోర్టన్-ఇన్-మార్ష్‌కి నేరుగా ట్రైన్ ఉంది, తర్వాత టాక్సీ. లారెన్స్ జాన్‌స్టన్ అనే ఆయన 1907 నుంచి వేసిన తోట, ఎత్తైన కంచె మొక్కల్నే గోడల్లా పెంచి గదులు గదులుగా విడగొట్టాడు, ఒక గదిలో నిలబడితే పక్క గదిలో ఏముందో తెలియదు. దాన్ని ఆనుకునే కిఫ్ట్స్‌గేట్ ఉంది, అమ్మమ్మ, అమ్మ, కూతురు, మూడు తరాల ఆడవాళ్లు పెంచిన తోట. అక్కడ ఆ తోట పేరుతోనే ఒక తీగ గులాబీ ఉంది, చెట్ల మీదికి ఎగబాకి కొండంత అయిపోయింది! కాకపోతే అది పూర్తిగా పూసేది ఇంకాస్త ఆలస్యంగా. కొండవాలు, మోకాళ్లు జాగ్రత్త. వారంలో అన్ని రోజులూ తెరవరు, చూసుకుని వెళ్లండి.

కుండీల_రాణి:
ఒక్క మాట, డిక్స్‌టర్‌ని జూన్‌లో చూసి వచ్చేయకండి. అప్పటి యజమాని క్రిస్టఫర్ లాయిడ్ పాత గులాబీ తోటను పీకించేసి అరటి, మెట్టతామర, డాలియాలు పెట్టించిన భాగం ఆగస్టు, సెప్టెంబర్లలోనే బాగుంటుంది. పైగా గుంటూరు నుంచి వెళ్లి టికెట్ కొని అరటిచెట్టు చూడటం ఎందుకండీ. స్టౌర్‌హెడ్ చెరువు, గుడి మండపాలు చాలా అందం, కానీ చుట్టూ నడక ఎక్కువ, పూల తోట కాదు. క్యూ లండన్ వెళ్లిన రోజు చూసుకోవచ్చు. విజ్లీ మాత్రం ఉంచుకోండి, మొక్కలకు పేరు బిళ్లలు ఉంటాయి, మనలాంటి వాళ్లకు అదే బడి.

కెంట్_వాసి:
నిజమే, డిక్స్‌టర్ తీసేయండి. మీ అమ్మాయికి నేషనల్ ట్రస్ట్ (ఇక్కడి పాత కట్టడాలు, తోటలు చూసుకునే సంస్థ) సభ్యత్వ కార్డు ఉంటే సిస్సింగ్‌హర్స్ట్, హిడ్‌కోట్, స్టౌర్‌హెడ్‌లకు పనికొస్తుంది, క్యూ, విజ్లీ, కిఫ్ట్స్‌గేట్‌లకు చెల్లదు. రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉందని నిదానంగా బయల్దేరకండి, చాలా తోటలు సాయంత్రం ఐదారు ప్రాంతంలోనే మూసేస్తారు.

మిద్దెతోట_గుంటూరు:
చాలా థాంక్సండీ. హిడ్‌కోట్, కిఫ్ట్స్‌గేట్ ఒక రోజు, సిస్సింగ్‌హర్స్ట్ ఒక రోజు, విజ్లీ ఒక రోజు, మధ్యలో రోజు విడిచి రోజు విశ్రాంతి. అల్లుడికి చెప్పేశాను. విత్తనాల సంగతి ఎవరూ చెప్పలేదు!

కుండీల_రాణి:
వద్దండీ. నాటుకునే విత్తనాలకైనా, కొమ్మలకైనా మన దేశంలోకి తేవాలంటే దిగుమతి పర్మిట్, అక్కడి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. కత్తెర కొనుక్కోండి, చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి.