ఉగాండా నుంచి వచ్చాక మళ్లీ చలిజ్వరం: మందుకు లొంగని మలేరియానా?

ప్రశ్న (ప్రొద్దుటూరు): మా తమ్ముడు ఉగాండాలో బోర్ల పనికి వెళ్లి ఈమధ్యే వచ్చాడు. బయల్దేరే ముందు అక్కడ మలేరియా వస్తే మాత్రలు వాడాడు, తగ్గింది. నిన్నటి నుంచి మళ్లీ వణుకు, జ్వరం. ఇక్కడ కార్డు టెస్టులో ఫాల్సిపారం (మలేరియాలో ప్రమాదకరమైన రకం) పాజిటివ్ వచ్చింది. అక్కడ మందులకు లొంగని మలేరియా ఉందంటున్నారు, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. మెడికల్ షాపతను క్లోరోక్విన్ ఇస్తానన్నాడు. వేయొచ్చా?

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్, కడప): వేయొద్దమ్మా. ఫాల్సిపారం క్లోరోక్విన్‌కు లొంగట్లేదని మన దేశంలో 1973లోనే అస్సాంలో బయటపడింది. దాన్ని నమ్ముకుంటే జ్వరం ముదురుతుంది. ఈరోజే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఓపీ చీటీ దగ్గరే ఉగాండా నుంచి వచ్చాడని చెప్పండి. చెప్పకపోతే మనవైపు ముందు డెంగీ, టైఫాయిడ్ చూస్తారు.

కార్డు ఒక్కటే చూసి భయపడొద్దు, అలాగని వదిలేయొద్దు. మందు వాడి క్రిమి చచ్చాక కూడా దాని ప్రొటీన్ కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది, చాలా కార్డులు పట్టుకునేది దాన్నే. బతికున్న క్రిమి ఉందా, ఎంత ఉంది అనేది రక్తపూతలోనే (రక్తపు చుక్కను గాజు పలకపై పూసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) తెలుస్తుంది. రిపోర్టులో లెక్క కూడా రాయమనండి. మందు మొదలుపెట్టాక మూడో రోజు మళ్లీ పూత తీయించండి. అప్పటికీ క్రిములు కనిపిస్తే మందుకు సరిగా లొంగట్లేదేమోనని అనుమానించాలి. ఉగాండా, రువాండాల్లో ఆర్టిమిసినిన్‌కు (ఆర్టిమీథర్, ఆర్టిసునేట్ లాంటి మలేరియా మందుల కుటుంబం) వచ్చిన పాక్షిక నిరోధం అలాంటిదే. క్రిములు ఆలస్యంగా పోతాయి, అంతేగానీ మందే లేదని కాదు. దానితో కలిపి ఇచ్చే రెండో మందు గట్టిగా పనిచేస్తే ఎక్కువమందికి నయమవుతుంది.

నర్సు, అనంతపురం: అక్కా, అక్కడ వాడిన మాత్రల అట్ట ఉందా? 28 రోజుల్లోపు తిరగబెడితే సాధారణంగా వేరే కాంబినేషన్‌కు మారుస్తారు.

ప్రశ్న అడిగినవారు: ఉంది. ఆర్టిమీథర్-లూమిఫాంట్రిన్. జ్వరం తగ్గిందని ఆరు డోసుల్లో నాలుగే వేశాడట.

ల్యాబ్ టెక్నీషియన్: అయితే కోర్సు మధ్యలో ఆపడం వల్లే తిరగబెట్టి ఉండొచ్చు. ఈ మాట డాక్టరుకు దాచకుండా చెప్పండి, అట్ట కూడా చూపించండి. ఏ మందు అనేది ఆయనే తేలుస్తారు. మళ్లీ ఇవే ఇస్తే పాలతోనో, నెయ్యి వేసిన అన్నంతోనో వేయండి, ఉత్త కడుపుతో వేస్తే ఒంటికి సరిగా పట్టవు. మాట తడబడినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, మూత్రం నల్లగా పోసినా అర్ధరాత్రైనా సరే తీసుకెళ్లండి. అప్పుడు మాత్రలు చాలవు, ఆర్టిసునేట్ ఇంజెక్షన్ నరానికి ఇవ్వాల్సిందే.