కన్న ఊరి సభకు రావడానికి హాస్యనటుడు డబ్బు అడగవచ్చా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, ఒడిశా)
మన ఊరి నుంచి హైదరాబాదు వెళ్లి టీవీ స్కిట్లలో పేరు తెచ్చుకున్న కుర్రవాడు ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు, పేరు రాయను. ఉగాది సభకు రమ్మని కమిటీ తరఫున నేనే ఫోను చేశాను. రానుపోను రైలు టికెట్లు, వసతి, భోజనం, శాలువా, జ్ఞాపిక అన్నాను. అంతా విని, "చాలా సంతోషం బాబాయ్, అరవై వేలు అవుతుంది, సగం ముందు పంపండి" అన్నాడు. వాళ్ల నాన్న మా వీధిలో పాలు పోసేవాడు. ఆ పిల్లవాడు సైకిలు వెనక కూర్చుని పాల కొలత పట్టుకునేవాడు.

పైగా మొన్న ఒక ముఖాముఖిలో అతని సిద్ధాంతాలు కూడా విన్నాను. పేరు అనేది అద్దె ఇల్లట, ఏ నెల ఖాళీ చేయమంటారో తెలియదట. డబ్బు దగ్గర మొహమాటపడిన కళాకారుడు ముసలితనంలో ఊరి మీద పడతాడట. హాస్యగాడు ముందు తనను తాను వెక్కిరించుకుని, ఆ తరువాతే ఊరి జోలికి వెళ్లాలట. ఇంట్లో మాత్రం జోకులు వేయడట. కూరగాయలకు తానే వెళ్తాడట, వంకాయలు బేరమాడబోతే "మీకేం తక్కువ బాబూ" అని అందరికంటే ఎక్కువే చెబుతారట. వినడానికి బాగానే ఉంది. నేను అడిగేది ఒక్కటే. కన్న ఊరికి కూడా రేటు ఉంటుందా?

బరంపురం పట్టు
మిగతా చోట్ల ఎంత తీసుకుంటాడు? మనకు తగ్గించాడా, పెంచాడా? అది చెప్పకుండా తప్పు పట్టలేం.

మహేంద్రతనయ
ఎంత అన్నది నా బాధ కాదు. అడిగాడు అన్నదే.

గుణుపురం ప్యాసింజరు
టికెట్లు ఏ తరగతివి?

మహేంద్రతనయ
స్లీపరు. కమిటీ పని మీద మేము భువనేశ్వర్ వెళ్లినా స్లీపరులోనే వెళ్తాం.

గుణుపురం ప్యాసింజరు
సికింద్రాబాదు నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వస్తే పలాసలో దిగాలి. అక్కడి నుంచి కారు పెడతామన్నారా? లేక నౌపడా వెళ్లి మా గుణుపురం బండి ఎక్కమన్నారా?

హార్మోనియం గారి అబ్బాయి (పర్లాకిమిడి)
మహేంద్రతనయ గారూ, ఆ ముఖాముఖి నుంచి మీరు ఎగతాళిగా రాసిన మాటే నాకు అన్నిటికంటే నిజమనిపించింది. డబ్బు దగ్గర మొహమాటపడినవాడు ముసలితనంలో ఊరి మీద పడతాడన్నది. హిందీ హాస్యనటుడు రాజు శ్రీవాస్తవ సంగతి చూడండి. కాన్పూరు నుంచి బొంబాయి వెళ్లి, అవకాశాలు లేని రోజుల్లో ఆటో నడిపాడు. 1980ల చివర్లోనే సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేశాడు. దేశమంతటికీ తెలిసింది 2005లో, టీవీలో హాస్యం పోటీ వచ్చిన తరువాత. 2022 సెప్టెంబరులో పోయాడు. లెక్క వేసుకోండి, పేరు లేకుండా గడిపిన కాలం, పేరుతో గడిపిన కాలం దాదాపు సమానం. పేరు ఉన్న సగంలో సంపాదించినదే, లేని సగానికి చేసిన అప్పులు కూడా తీర్చాలి. మన కుర్రవాడికి ఇప్పుడు స్కిట్లు ఉన్నాయి. 2013లో జబర్దస్త్ మొదలైనప్పటి నుంచి ఎంతమంది వచ్చారో, అందులో ఎంతమంది ముఖాలు ఇప్పుడు మనకు గుర్తున్నాయో మీరే చెప్పండి.

జయపురం మాస్టారు
ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. హిందీ సినిమా హాస్యనటుడు జానీ లీవర్ మన కనిగిరిలో పుట్టిన తెలుగువాడే. ఇల్లు గడవక ఏడో తరగతితో బడి మానేసి, బొంబాయి వీధుల్లో సినిమా తారలను అనుకరిస్తూ కలాలు అమ్మాడు. తరువాత తండ్రి పనిచేసే హిందుస్థాన్ లీవర్‌లోనే కార్మికుడుగా చేరాడు. కంపెనీ వేడుకలో పై అధికారులను అనుకరించి నవ్విస్తే, తోటి కార్మికులు పెట్టిన పేరే ఆ లీవర్.

మహేంద్రతనయ
నేను చెప్పేదీ అదే కదా మాస్టారూ! ఆ వేడుకలో ఆయన డబ్బు అడిగాడా? తనవాళ్ల మధ్య సంతోషంగా చేశాడు. పేరు వాళ్లే పెట్టారు. ఆ పేరే తరువాత అన్నం పెట్టింది.

హార్మోనియం గారి అబ్బాయి
ఆ వేడుకనాటికి ఆయనకు నెల జీతం ఉంది. మన కుర్రవాడికి నెల జీతం ఇస్తారా? ఇస్తే ఏటా ఉగాదికి ఉచితంగా నవ్విస్తాడు.

రాయగడ కోడలు
ముందు తనను తాను వెక్కిరించుకుంటాడట, ఇంట్లో జోకులు వేయడట. మరి స్కిట్టులో ప్రతి వారం లావుగా ఉన్న భార్య, ఆమె తినే పెసరట్లు, ఆమెను చూసి పారిపోయే మొగుడు ఎవరు? మగవాడికి చీర కట్టి ఆ భార్య వేషం వేయిస్తారు, ఆ వేషాన్ని చూసి అందరూ నవ్వుతారు. తనను వెక్కిరించుకోవడం అంటే ఇదా?

గుణుపురం ప్యాసింజరు
కారు సంగతి ఇంకా చెప్పలేదు.

మహేంద్రతనయ
కారు ఎవరిదైనా దొరుకుతుంది బాబూ. మా మేనల్లుడు పలాసలోనే ఉంటాడు, బండి మీద దింపేవాడు.

గుణుపురం ప్యాసింజరు
బండి అంటే మోటారు సైకిలా? రాత్రంతా స్లీపరులో వచ్చిన మనిషిని, పెట్టెతో సహా, మోటారు సైకిలు మీద పర్లాకిమిడి దాకా! నౌపడా నుంచి రైలు మార్గమే నలభై కిలోమీటర్లు. నేనైతే లక్ష అడిగేవాడిని.

బరంపురం పట్టు
మా బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో రెండేళ్లకోసారి వేలమంది వేషాలు కడతారు. పులి వేషం వేసినవాడు ఒళ్లంతా రంగు పూసుకుని ఎండలో ఎగురుతాడు. మొక్కు కాబట్టి ఎవరినీ పైసా అడగడు. జనం నవ్వుతారు, పిల్లలు భయపడతారు, అమ్మవారు చూస్తుందని అతని నమ్మకం. హాస్యానికి డబ్బు అనేది టీవీ వచ్చాక పుట్టిన రోగం అని నా అభిప్రాయం.

హార్మోనియం గారి అబ్బాయి
పులికి మొక్కు. పులి ముందు డప్పు కొట్టేవాడికి కూడా మొక్కేనా? అతనికి కూలి ఇస్తారా, ఇవ్వరా?

బరంపురం పట్టు
ఇస్తారు. అయితే అది వేరు.

హార్మోనియం గారి అబ్బాయి
ఎలా వేరు?

బరంపురం పట్టు
డప్పు అతని వృత్తి.

హార్మోనియం గారి అబ్బాయి
చాలు. నవ్వించడం మన కుర్రవాడి వృత్తి.

మహేంద్రతనయ
వృత్తి అంటూ అన్నిటినీ కాటాలో తూచితే ఇక ఊరెందుకు? అతనికి ఆ మాట తీరు ఎక్కడిది? కోట వీధిలో విన్నది, సంతలో విన్నది. సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడే కిరాణా షావుకారు పాత్ర అతనికి పేరు తెచ్చింది. ఆ షావుకారు మనవాడే, బతికే ఉన్నాడు. ఆయనకు ఏమిచ్చాడు? సరుకు మన దగ్గర ఉచితంగా తీసుకుని, మనకే అరవై వేలకు అమ్ముతాడా? ఊరు వదిలిపోయినవాడికి ఊరి మీద హక్కులు ఉంటాయి, బాధ్యతలు ఉండవు కాబోలు.

జయపురం మాస్టారు
ఊరు వదలడం గురించి అనవద్దండీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు గిడుగు రామమూర్తి గారు కూడా ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అంతకుముందు పర్లాకిమిడిలోనే బడిలో పాఠాలు చెప్పి, సవర గిరిజనుల భాష నేర్చి, వాడుక భాష కోసం పోరాడిన మనిషి. ఆయనను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఏటా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న దండ వేస్తున్నాం.

మహేంద్రతనయ
గిడుగు వారెక్కడ, ఆడవేషం వేసి పెసరట్ల జోకులు చెప్పేవాడెక్కడ! మాస్టారూ, మీకు వయసు మీద పడిందా? సవరల పిల్లలకు చదువు చెప్పించిన మహానుభావుడిని తీసుకొచ్చి ఈ బేరగాడి పక్కన నిలబెడతారా?

రాయగడ కోడలు
పెసరట్లు ఇప్పుడు గుర్తొచ్చాయన్నమాట. నేను చెప్పినప్పుడు ఎవరూ పలకలేదు.

జయపురం మాస్టారు
వయసు సంగతి మీకెందుకు? నేను పక్కన నిలబెట్టలేదు. ఊరు వదిలినంత మాత్రాన పరాయివాడు కాడన్నాను.

హార్మోనియం గారి అబ్బాయి
ఇక నేను మొహమాటం లేకుండా రాస్తాను. మా నాన్న మీ కమిటీ నాటకాలకు, హరికథలకు నా చిన్నప్పటి నుంచి చేయి పడిపోయే వరకు హార్మోనియం వాయించారు. ఆయన పోయాక ఇనుప పెట్టె తెరిస్తే శాలువాలు. ఎర్ర అంచువి, పచ్చ అంచువి, కొన్ని కవరు కూడా విప్పనివి. మడతల్లో కలరా ఉండలు. చలికాలంలో కూడా కప్పుకోలేదు, సభలో కప్పినది ఇంట్లో కప్పుకుంటే అపచారమట. ఆస్పత్రిలో ఉన్నప్పుడు మందులకు మా అమ్మ గాజులు తాకట్టు పెట్టింది. కమిటీ నుంచి ఇద్దరు వచ్చి చూశారు, ఇంకో శాలువా తెచ్చారు.

అదే కమిటీ మైకు సెట్టు వాడికి రొక్కం ఇచ్చింది. షామియానాకు ఇచ్చింది. వంటవాడికి, అరిటాకులు తెచ్చినవాడికి, కుర్చీలు మోసిన కూలీలకు ఇచ్చింది. అందరికీ ఇచ్చి, వాయించినవాడి దగ్గరికి వచ్చేసరికి "కళకు వెల కట్టగలమా" అన్నారు. ఈ కుర్రవాడు మా పక్కింట్లోనే పెరిగాడు. మా నాన్న హార్మోనియం పెట్టె ముందు కూర్చుని సరిగమలు నేర్చుకున్నాడు. అరవై వేలు అతనికి ఎక్కడ తట్టిందనుకుంటున్నారు?

కొత్త సభ్యుడు
చదువుతున్నాను. ఏమీ రాయలేను.

మహేంద్రతనయ
మీ నాన్నగారి మీద నాకున్న గౌరవం మీకు తెలియదు. ఆ మాటలు నన్ను అన్నారు కాబట్టి నేనూ దాచకుండా చెబుతాను. చందా రసీదు పుస్తకం పట్టుకుని కొట్టు కొట్టుకూ తిరిగేది నేను. వంద రాయించుకోవడానికి అరగంట నిలబడాలి. తెలుగు షావుకార్ల కొడుకులు "మా పిల్లలు ఒడియాలో చదువుతున్నారు అంకుల్, మాకు ఉగాది ఎందుకు" అంటున్నారు. తెలుగు రాయడం చదవడం వచ్చిన పిల్లలు ఏటా తగ్గిపోతున్నారు. పాతపట్నం దాటితే అంతా తెలుగే, ఇక్కడ మాత్రం పద్యం చెప్పే పిల్లను వెతికి పట్టుకోవాలి. టీవీలో కనిపించే మన ఊరి మనిషి ఒక్కసారి వేదిక ఎక్కి తెలుగులో మాట్లాడితే, ఆ షావుకార్ల మనవలు వచ్చి ముందు వరుసలో కూర్చుంటారని నా ఆశ. అతని జోకులు నాకు నచ్చవు. అయినా పిలిచాను. అతను అరవై వేలు అన్నప్పుడు నాకు డబ్బు గుర్తు రాలేదు. మనం ఇక అతనికి ఒక బుకింగ్ మాత్రమే అని తెలిసింది.

బరంపురం పట్టు
ఇది మొదటే రాయవలసింది.

హార్మోనియం గారి అబ్బాయి
మీ బాధ అర్థమైంది. అయినా ఊళ్లో తెలుగు తగ్గిపోతే దాని నష్టపరిహారం వాయించేవాడు, నవ్వించేవాడు కట్టాలా? కుర్చీల వాడిని ఎప్పుడైనా తెలుగు కోసం ఉచితంగా కుర్చీలు వేయమన్నారా?

మహేంద్రతనయ
కుర్చీల వాడు మన ఊరి మాట అమ్ముకోవడం లేదు.

జయపురం మాస్టారు
ఒక దారి ఉంది. అతనితో మళ్లీ మాట్లాడండి. ఇరవై వేలు ఇవ్వగలమని, మూడో ఏసీ టికెట్టు, పలాస నుంచి కారు మావేనని చెప్పండి. ఒప్పుకోకపోతే అప్పుడు తిట్టవచ్చు.

గుణుపురం ప్యాసింజరు
ఈ మాట కోసమే ఉదయం నుంచి అడుగుతున్నాను.

మహేంద్రతనయ
ఆదివారం కమిటీ సమావేశం ఉంది. పద్దుల పుస్తకం తెస్తాను. హార్మోనియం గారి అబ్బాయి కూడా రావాలి, ఇక్కడ రాసినదంతా అక్కడ చెప్పాలి.

హార్మోనియం గారి అబ్బాయి
వస్తాను. పద్దులో కళాకారుల వరుస మొదట రాయాలి. షామియానా ఆ తరువాత.

మహేంద్రతనయ
అది కుదరదు నాయనా. షామియానా వాడు బయానా చేతిలో పడనిదే గుంజ పాతడు.

హార్మోనియం గారి అబ్బాయి
మా నాన్న కూడా బయానా పడనిదే పెట్టె తెరవకుండా ఉండవలసింది.

మహేంద్రతనయ
ఆదివారం పది గంటలకు. ఆలస్యం చేయవద్దు.

రాయగడ కోడలు
బయానా సంగతి తేలాక, అతను వేదిక ఎక్కి ఆ పెసరట్ల స్కిట్టే వేస్తే ఏం చేస్తారో కూడా ఆదివారమే తేల్చండి. ముందు వరుసలో కూర్చునేది మన ఆడపిల్లలు కూడానూ.