తుమ్మిపువ్వా, తుమ్మపువ్వా?

గోపాలపట్నం నుంచి:
తెల్లగా, పొడిపొడిగా వండిన అన్నాన్ని "తుమ్మిపువ్వులా ఉంది" అంటాం కదా. దీన్నే కొందరు "తుమ్మపువ్వు" అని రాస్తున్నారు. ఏది సరి? తుమ్ముకీ ఈ మాటకీ ఏమైనా సంబంధం ఉందా?

సీతమ్మధార నుంచి:
తుమ్మి అనే రాయాలండీ. తుమ్మ ముళ్ళ చెట్టు. నల్లతుమ్మ పువ్వు పసుప్పచ్చని గుండ్రటి పూసలా ఉంటుంది, తెల్లటి అన్నానికి ఆ పోలిక పొసగదు. తుమ్మి వానాకాలంలో మొలిచి, పూసి, విత్తనమిచ్చి ఎండిపోయే చిన్న మొక్క. దాని పువ్వు స్వచ్ఛమైన తెలుపు.

జలుబుకి తుమ్మి ఆకురసం వాడడం ఉంది కాబట్టి తుమ్ముతో చుట్టరికం కలుపుతుంటారు. పక్క భాషలు చూస్తే అది నిలవదు. మొక్క తమిళంలో తుంబై, మలయాళంలో తుంబ, కన్నడంలో తుంబె. తుమ్మడం మాత్రం తమిళ మలయాళాల్లోనూ "తుమ్ము"తోనే. అంటే అక్కడ "ంబ", "మ్మ" దేనికది విడిగా నిలిచాయి. తెలుగులో "ంబ" కాస్తా "మ్మ" అయిపోవడంతో రెండూ ఒక్కలా వినిపిస్తున్నాయి. తమిళ నంబు మనకి నమ్ము, కొంబు కొమ్ము, తుంబి తుమ్మెద. తుమ్మీ ఈ వరసలోదే. అలాగని తుమ్మెదా తుమ్మీ ఒకే ధాతువు నుంచి వచ్చాయని ఈ మార్పు ఒక్కటే చూసి తేల్చెయ్యకూడదు.

మధురవాడ నుంచి:
మాస్టారూ, ఖాళీ ప్లాట్లలో తెల్లపూల మొక్కలు బోలెడు. తుమ్మిని గుర్తుపట్టడం ఎలా? చవితికి తుమ్మికూర కావాలంటే కుండీలో పెంచుకోవచ్చా?

భీమిలి నుంచి:
ముందు కాడ పట్టుకుని చూడండి. తుళసి కాడలాగే నాలుగు పలకలుగా ఉంటుంది, రెండూ ఒకే కుటుంబం. ఆకులు ఎదురెదురుగా, సన్నగా, పొడుగ్గా, తొడిమ ఉందా లేదా అన్నట్టు ఉంటాయి. వేలితో రాస్తే గరుకు. శాస్త్రనామం ల్యూకస్ ఆస్పెరా. మొదటి మాట గ్రీకులో తెలుపు, రెండోది లాటిన్‌లో గరుకు. పూలు కణుపు చుట్టూ గుత్తిగా వస్తాయి. ఒక్క పువ్వుని దగ్గరగా చూస్తే పై పెదవి చిన్న టోపీలా వంగి, దాని మీద తెల్లటి నూగు దట్టంగా కనిపిస్తుంది. కింది పెదవి దానికి రెట్టింపు పొడవు, మూడు చీలికలు, నడిమిది బాగా వెడల్పు.

తేడా పడేది పెద్ద తుమ్మి దగ్గర. దాని ఆకు వెడల్పు, పూలగుత్తి కాడ చివర పెద్ద బంతిలా ఉంటుంది. ఇక్కడ పువ్వు కింది పచ్చ గొట్టం చూడాలి. మన తుమ్మిలో ఆ గొట్టం కాస్త వంగి, మూతి ఏటవాలుగా, పై అంచు ముందుకి సాగి ఉంటుంది. సంస్కృతంలో ద్రోణపుష్పి అన్నది ఎక్కువగా పెద్ద తుమ్మికే చెప్తారు, దక్షిణాదిలో రెంటికీ వాడుతున్నారు. నారింజరంగు పూలుంటే అది రణభేరి, పక్కన పెట్టేయండి.

ఇక పెంపకం. గుత్తి గోధుమరంగుకి తిరిగి ఎండాక కోసి, కాగితం మీద నీడలో ఆరబెట్టి నలపండి. ఒక్కో గొట్టంలో నాలుగు నున్నటి గింజలుంటాయి, రెండు మిల్లీమీటర్లకి కాస్త పైన పొడవు. పొట్టు ఊదేసి, కాగితం పొట్లంలో పొడిచోట వానల దాకా దాచండి. విత్తనం కోసం కంబాలకొండలోకీ ఎర్రమట్టి దిబ్బల మీదకీ వెళ్ళొద్దు, రెండూ రక్షిత స్థలాలు. ఖాళీ స్థలాల్లో కావలసినంత దొరుకుతుంది.

పది అంగుళాల కుండీలో రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, గుప్పెడు పాత ఎరువు చాలు. జూన్‌లో తొలివానలు పడగానే గింజలు పైపైన చల్లి, రెండు మూడు మిల్లీమీటర్ల మందాన ఇసుక జల్లండి. లోతుగా పెడితే మొలక పైకి రాలేదు. కుండీని నీళ్ళ పళ్ళెంలో పెట్టి కిందనుంచి తడపండి, పైనుంచి పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. నాలుగైదు ఆకులొచ్చాక కుండీకి మూడు మొక్కలుంచి మిగతావి తీసేయండి. రోజంతా ఎండ తగలాలి. నీడలో పెట్టినా, ఎరువు ఎక్కువేసినా కాడ సాగి పడిపోతుంది, పూలు తగ్గుతాయి. మట్టి నిత్యం తడిగా ఉంటే మొలకలు మొదట్లోనే కుళ్ళి వాలిపోతాయి. అడుగున చిల్లు మూసుకుపోయిందేమో చూడండి.

మధురవాడ నుంచి:
కూరకి ఆకు కోస్తే పువ్వు రాదా?

భీమిలి నుంచి:
వస్తుంది. లేత చివర్లు తుంచితే పక్కకొమ్మలు వేస్తుంది, పూతే ఆలస్యం. ముదిరిన ఆకు చేదు, కాబట్టి గుత్తులు పడకముందే కోసి పప్పులో వేసుకోండి. కలుపుమందు కొట్టిన రోడ్డు పక్క ఆకు మాత్రం కూరకి తేవద్దు. విత్తనానికి ఒక మొక్కని అసలు ముట్టుకోకుండా వదిలేయండి.