మోస్కోసో పోస్టర్లలో రంగుల అంచులు అదురుతాయి కదా, ప్రింటులో అది ఎలా వస్తుంది?

ప్రశ్న:
పోస్టర్ చిత్రకారుడు విక్టర్ మోస్కోసో 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని మ్యాట్రిక్స్ అనే సంగీత క్లబ్బు కోసం వేసిన నియాన్ రోజ్ అనే పోస్టర్ల వరుస పద్ధతిలో రెండు రంగుల స్క్రీన్ ప్రింటు చేయాలి. సైజు 18×24 అంగుళాలు. ఎరుపు 255,0,0, నీలం 0,0,255 (తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు) తీసుకున్నాను. ఫోటోషాప్‌లో డీశాచురేట్ (రంగు తీసేసి బూడిద చేసే ఆదేశం) కొడితే రెండూ ఒకే బూడిద రంగు చూపిస్తున్నాయి. అయినా నీలం వెనక్కి పోతోంది, అదురు అసలు లేదు. పొరపాటు ఎక్కడ? అక్షరాలు తెలుగులోనే ఉండాలి.

జవాబు 1:
పొరపాటు ఆ డీశాచురేట్‌లోనే ఉందండీ. అది ప్రతి రంగులో పెద్ద అంకె, చిన్న అంకె తీసుకుని సగటు కడుతుంది. మీ రెండు రంగుల్లోనూ అవి 255, 0 కాబట్టి ఒకే బూడిద వచ్చింది. కంటి లెక్క వేరు. కంటి చూపుకు దగ్గరగా వెలుగును కొలిచే ల్యాబ్ (Lab) రంగు పద్ధతిలో చూస్తే ఎరుపు వెలుగు 53, మీ నీలానిది 32 మాత్రమే. ఎరుపు అలాగే ఉంచి నీలాన్ని 0,123,255కి మార్చండి. ఆకుపచ్చ కావాలంటే 0,148,0. రెండూ 53 దగ్గరికి వస్తాయి.

వెలుగులో తేడా ఉంటేనే కన్ను అంచును గట్టిగా పట్టుకుంటుంది. వెలుగు సమానమై, రంగు మాత్రం పూర్తిగా ఎదురైతే ఆ గీత ఒకచోట నిలవదు. చేంబర్స్ బ్రదర్స్ అనే సంగీత బృందానికి ఆయన వేసిన పోస్టరులో చలువ కళ్లద్దాల అమ్మాయి ముఖాన్ని చూడండి, తెలుస్తుంది. మోస్కోసో యేల్ విశ్వవిద్యాలయంలో రంగుల గురువు జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర రంగులు చదివినవాడు. ఆ పోస్టర్లు తోచినట్టు పూసిన రంగులు కావు, చదువుకుని వేసినవి. ఆయన్ని మత్తుకాలపు చిత్రకారుడని ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం.

జవాబు 2:
ప్రింటు సంగతి. సీఎంవైకే (మామూలు నాలుగు రంగుల అచ్చు) చుక్కల్లో వేయొద్దు, ఆ నీలం చచ్చిపోతుంది. ఒక్కో రంగుకీ విడిగా ఇంకు కలిపి పెట్టుకోండి. రంగుల మధ్య నల్ల గీత వద్దు, తెల్ల సందు అంతకన్నా వద్దు. అర మిల్లీమీటరు కాగితం కనబడినా అదురు పోతుంది.

అందుకే ముందు ఎరుపును మొత్తం పరిచేయండి. బాగా ఆరాక దాని మీద నీలం వేయండి. అప్పుడు రిజిస్ట్రేషన్ (ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవడం) కాస్త జరిగినా సందు రాదు. ఈ నీలంలో ఎలాగూ తెలుపు కలుస్తుంది, కింది ఎరుపును కప్పేది అదే. కానీ తెలుపు ఎక్కువైతే రంగు పాలిపోయి మళ్లీ అదురు తగ్గుతుంది. కప్పకపోతే తెలుపు పెంచకండి, ఆరనిచ్చి ఇంకోసారి స్క్వీజీ (ఇంకును తెరలోంచి నెట్టే రబ్బరు పట్టీ) లాగండి. కాగితం 200 జీఎస్ఎంకి తగ్గకూడదు, పల్చనిది రెండో రంగుకే ముడుచుకుంటుంది. సెంటీమీటరుకి 90 నుంచి 120 దారాల మెష్ (స్క్రీను వల) సరిపోతుంది.

ఇంకు తడిగా ఉన్నప్పుడు రంగు నిర్ణయించొద్దు. రెండు ముక్కల మీద నమూనా వేసి, ఆరాక పక్కపక్కన పెట్టి ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. అంచు కనబడకపోతే దారిలో ఉన్నట్టే. ఫ్లోరోసెంట్ ఇంకు మీదికి మనసు పోతుంది కానీ, ఎండ తగిలే గోడకైతే వద్దు, తొందరగా వెలిసిపోతుంది.

జవాబు 3:
అక్షరాలకి: ముందు ఆకారం గీసి, అక్షరాలను దాని నిండా సాగదీయండి. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ, గీత మందం రెండూ దాదాపు ఒకటే ఉండాలి. అప్పుడే ఏది అక్షరమో ఏది వెనక నేలో కన్ను తడుముకుంటుంది.

తెలుగులో చిక్కు తలకట్టుతో వస్తుంది. ప, వ మధ్య తేడా తలకట్టు విడిగా ఉందా, అతుక్కుందా అన్నదే. సాగదీసేటప్పుడు ఆ సందు పూడిపోతే 'పని' కాస్తా 'వని' అవుతుంది. ఆ ఒక్క సందును గీత మందంలో సగమైనా వదలండి, స్క్రీన్లో ఇంకు దాన్ని కొంచెం మింగేస్తుంది. ఒత్తులకు కింద వరుసలో గుంట తవ్వి చోటివ్వండి, కింది అక్షరాలు ఆ ఒత్తు చుట్టూ వంగాలి. గుండ్రటి లిపి కాబట్టి ఈ వంపులు ఇంగ్లిషు కంటే మనకే బాగా కుదురుతాయి.

ప్రశ్న అడిగినవారు:
0,123,255తో తెర మీదే అదురుతోంది! ఎరుపు ముందు పరచాలన్నది నాకు తట్టనే లేదు, నీలానికి కింద ఎరుపు తీసేసి ఫిల్మ్ (స్క్రీను చేయడానికి వాడే పారదర్శక నకలు) తీయించబోయాను. ఆ ఫిల్మ్ ఆపేశాను.