పెగసస్‌ను 'ఔత్సాహిక' క్లబ్బు అంటే సరిపోతుందా?

పెగసస్ అనే ఇంగ్లీషు ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్రను తెలుగులో చెప్పేటప్పుడు 'అమెచ్యూర్' అన్న మాటకు 'ఔత్సాహిక' సరిపోతుందా అని మిత్రులొకరు అడిగారు. ఆ ఒక్క మాటా చాలదని నా అభిప్రాయం.

ఉత్సాహ శబ్దానికి 'ఇక' ప్రత్యయం చేరి, ఆదివృద్ధితో ఏర్పడిన ఈ పదంలో వ్యాకరణ దోషమేమీ లేదు. వీరరసానికి స్థాయీభావం ఉత్సాహమే కనుక బరిలోకి దిగే ఆటగాడికి అది శోభిస్తుంది కూడా. చిక్కంతా నేటి వాడుకలో ఉంది. 'ఔత్సాహిక నాటక సమాజం' అన్నప్పుడు డబ్బు కోసం కాక కళ మీది మక్కువతో ఆడేవారని తోచేది. ఇప్పుడు పత్రికల్లో 'ఔత్సాహిక పారిశ్రామికవేత్తలు' అంటే కొత్తగా పరిశ్రమ పెట్టాలని ముందుకొచ్చేవారు. ఆ అర్థంతో చదివితే పెగసస్ వారు ఇంకా ఆట నేర్చుకుంటున్నవారేమో అనిపిస్తుంది.

అలా అనిపించడం వారికి అన్యాయం. ఆక్స్‌ఫర్డ్ రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ థాంప్సన్ చొరవతో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి 1948లో పెట్టుకున్న ఈ క్లబ్బు, 1951లో వెంబ్లీ మైదానంలో లక్షమంది చూస్తుండగా బిషప్ ఆక్లండ్ అనే జట్టును 2-1 తేడాతో ఓడించి అమెచ్యూర్ కప్పు గెలిచింది. 1953లో అక్కడే హార్విచ్ అండ్ పార్క్‌స్టన్ జట్టు మీద 6-0తో మళ్లీ నెగ్గింది. పేరు కూడా ముచ్చటైనది: ఆక్స్‌ఫర్డ్ వారి సెంటార్స్ జట్టులోని నరాశ్వమూ, కేంబ్రిడ్జి వారి ఫాల్కన్స్‌లోని డేగా కలిస్తే మన కథల్లోని రెక్కల గుర్రమే; గ్రీకు పురాణాల్లో దాని పేరే పెగసస్. 1963లో క్లబ్బు మూతపడింది.

ఇంగ్లండులో ఆనాడు అమెచ్యూర్ అన్నది నైపుణ్యాన్ని కొలిచే మాట కాదు. ఆడినందుకు జీతం పుచ్చుకోనివాడని నిర్ణయించే నిబంధన. పేరుకు అమెచ్యూర్లైన కొందరికి, ఆట ముగిసి స్నానం చేసి వచ్చేసరికి బూటులో రహస్యంగా పెట్టిన డబ్బు దొరికేది. దానికి 'బూటు డబ్బు' అనే పేరే పడిపోయింది. ఈ ముచ్చటను 'ఔత్సాహికులు డబ్బు తీసుకున్నారు' అని రాస్తే అందులో తప్పేమిటో తెలుగు పాఠకుడికి అందదు. 'జీతం పుచ్చుకోని ఆటగాళ్లు' అని ముందే చెప్పి ఉంటే వెంటనే అందుతుంది.

అందుచేత మొదటిసారి 'జీతం పుచ్చుకోని, అంటే అమెచ్యూర్, క్లబ్బు' అని విప్పి చెప్పి, ఆ తర్వాత అమెచ్యూర్ అనే కొనసాగించమంటాను. 1974లో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఈ తేడాను రద్దుచేసి అందరినీ 'ఆటగాళ్లు' అనే ఒకే పేరు కిందికి తెచ్చింది కనుక, ఆ తర్వాతి కాలం గురించి రాసేటప్పుడు ఈ విశేషణంతో పనే ఉండదు.