ఎక్కం వరసగా వస్తుంది, మధ్యలో అడిగితే రాదు. ఏం చేయాలి?

మూడో తరగతి పిల్లాడు. ఏడో ఎక్కం మొదట్నుంచీ గడగడా అప్పజెప్తాడు. 'ఏడెనిమిదులెంత?' అంటే మాత్రం మళ్లీ ఏడొకట్ల ఏడు నుంచి వేళ్లు మడుచుకుంటూ వస్తాడు. వరసను పాటలా పట్టేశాడు, చిక్కు అదే.

అట్టముక్కకి ఒకవైపు లెక్క, వెనక జవాబు రాసి, కలిపేసి రోజూ 10 నిమిషాలు అడుగుతున్నాం. తప్పినవి మర్నాడు, వచ్చినవి 3 రోజులకు, ఆపైన వారానికి. ఒకేసారి 20 తీస్తే ఏడుపే. 6 దాటకపోతే కూర్చుంటాడు. నిద్ర 9 గంటలకు తగ్గిన మర్నాడు వచ్చినవీ తప్పుతాయి.

6×7, 7×8 మాత్రం లొంగట్లేదు. ఏడేళ్లు నలభై తొమ్మిదికి ఇంకో ఏడు కలుపుకోమని దారి చూపాలా, సూటిగా గుర్తొచ్చేదాకా ముక్కలే తిప్పాలా? చేయించినవాళ్లు చెప్పండి. స్టిక్కర్ల ఆశ మాత్రం వద్దు, అవి ఆపిన రోజే ముక్కలు పక్కన పడేస్తాడు.